మెట్ల లెక్క

మేస్త్రీ నొల్బెర్తో ఇంకా ఇల్లు చూడలేదు.
ఫోన్‌లోనే అడిగాడు: "ఎన్ని మెట్లు?"

నూట అరవై మూడు అన్నాను.
అవతల కాసేపు గాలి చప్పుడు.
వాల్పరాయిసో కొండమీద ఇల్లు బాగుచేయించుకోవాలంటే
గోడల సంగతి తర్వాత,
ముందు మెట్ల సంగతి తేలాలి.

వంటబల్ల మీద గళ్ల నోటుపుస్తకం.
సరుకు, ధర, అని రెండే గడులు గీశాను.
మూడోది అతనే గీయించాడు: మోత.
ఇసుక బస్తా రెండు వేల పెసోలు,
దాన్ని పైకి చేర్చే భుజానికి మూడు వేలు.
చారానా కోడికి బారానా మసాలా.

ఎలియొదోరో వేసే అంకెలు గుండ్రంగా ఉంటాయి,
చివర సున్నాలు, బాగా తిన్న పిల్లల్లా.
నేను రేవు క్యాంటీన్‌లో పందొమ్మిదేళ్లు చిల్లర లెక్కపెట్టినదాన్ని,
నా అంకెలకు ఎముకలు కనిపిస్తాయి.
కప్పు రేకులు నలభై రెండు. ఉప్పుగాలి తినేసింది, తప్పదు.
చెదపట్టిన దూలాలు మూడు.
మూడో, ఐదో, గోడ విప్పితే గాని తెలీదట.
కరెంటు తీగలు, మా పెళ్లికంటే పాతవి.
సముద్రం వైపు పెద్ద కిటికీ.
అది రాసింది మా ఆయన. పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.
రబ్బరుతో చెరిపాడు.
మళ్లీ పెట్టాను, ఈసారి పెన్నుతో.

మోత గడిలో సున్నా వేశాడు.
"నేనే మోస్తా. పని నుంచి వచ్చాక, రోజుకి రెండు బస్తాలు."
అరవై ఒకటి నిండాయి ఆయనకి.
ఏమీ అనకుండా ఆ సున్నా కింద రాశాను:
మోకాలికి మందు, నెలకి ఆరు వేలు.
నవ్వాడు. నవ్వి, మోకాలిని అరచేత్తో కప్పుకున్నాడు.

ఆదివారం నొల్బెర్తో వచ్చాడు, మెట్లు లెక్కపెట్టుకుంటూ.
"నూట అరవై నాలుగు," అన్నాడు రొప్పుతూ.
గుమ్మాన్ని కూడా కలిపాడు. అతని లెక్క అతనిది.
గోడల్ని వేలి కణుపుతో కొట్టి విన్నాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
నోటుపుస్తకం తిరగేసి, చెవి వెనక పెన్సిలు తీసి,
"పైకి వచ్చేదంతా రాశారు.
కిందికి దిగేది ఏదమ్మా?" అన్నాడు.

ఇద్దరం తెల్లమొహం వేశాం.
పాత రేకులు, పుచ్చిన చెక్క, సున్నం పెచ్చులు,
గోడకాగితం కింద గోడకాగితం,
దాని కింద ఏ ఏటివో వార్తాపత్రికలు,
అన్నీ బస్తాల్లో కూర్చుని ఆ మెట్లే దిగాలి.
ఇన్నేళ్లూ బరువే లేనివి
పారేద్దామనగానే కిలోల్లోకి వచ్చాయి.

నాలుగో గడి గీశాను.

ఇనుప స్నానపు తొట్టి దగ్గర పెన్సిలు ఆగింది.
సింహం పాదాల తొట్టి, అంచులు పెచ్చులూడింది,
మా ఆయన మేనత్త ఉబెర్లిందా కాలంది.
దించాలంటే నలుగురు మనుషులు, ఒక పూట, అరవై వేలు.
"మరి ఎక్కించిందెవరు?" అడిగాను.
ఎవరికీ తెలీదు.
ఆవిడ లెక్కల పుస్తకమేదీ మిగల్లేదు,
ఆ రోజు ఎవరి చేతిలో ఎంత పెట్టిందో,
లేక కడుపునిండా చేపలపులుసు పోసి పంపేసిందో.

కొట్టేశాం. తొట్టి ఎక్కడిదక్కడే.
దానికోసం స్నానాలగది అర మీటరు జరిగింది,
కిటికీ రెండు రెక్కల నుంచి ఒంటిరెక్కకి వచ్చింది.
ప్రశ్నార్థకం మాత్రం నేనే తీసేశాను.

అనుకోని ఖర్చులకు పది శాతం ఉంచమన్నాడు మేస్త్రీ.
అనుకున్నవాటికే చాలడం లేదంటే,
"అందుకే," అన్నాడు.

వానలకి ఇంకా పదకొండు వారాలు.
రోజూ సాయంత్రం ఆయనొక బకెట్టు, నేనొక బకెట్టు.
బస్తా ముట్టుకోకూడదని ఒప్పందం.
ఎనభయ్యో మెట్టు దగ్గర, పిల్లి పడుకునే గోడ మీద కూలబడి
రేవులో క్రేన్లు ఎవరి బరువో
పూచికపుల్లలా ఎత్తుతుంటే చూస్తాం.
పైకొచ్చి ఇసుక తొట్టిలో పోస్తాం.
ఒళ్లు కడుక్కోవడం వంటింటి మూల, నిలబడి.
మోత గడిలో సున్నా చెరిపి, పూటకో గీత.

నిన్న రాత్రి టార్చి వేసి చూశాను.
సింహం పాదాలు చెక్కనేలలోకి
కొంచెం దిగినట్టున్నాయి.
ఆ కిందున్న దూలం మూడింట్లోదో, ఐదింట్లోదో,
పొద్దున్నే నొల్బెర్తోని అడగాలి.